దెయ్యాలకి జీతమిచ్చిన సర్కార్లు

2022 డిసెంబర్లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఒక వింత క్యాప్సూల్ దిగింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊరు ఊరంతా అక్కడికి పరిగెత్తింది, ఫోన్లలో వీడియోలు, ఏలియన్స్ దిగారని గ్రూపుల్లో ఒకటే గోల. చివరికి తేలిందేంటంటే అది హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ సెంటర్ నుంచి వదిలిన పేద్ద బెలూన్‌కి కట్టిన క్యాప్సూల్, హాలో స్పేస్ అని ఒక స్పెయిన్ కంపెనీ టూరిస్టుల్ని పైకి తీసుకెళ్ళే బిజినెస్ కోసం చేసుకుంటున్న టెస్టు. అంతే, కథ కంచికి.

అంత తొందరగా ఎందుకు కంచికి వెళ్ళిందంటే దాచాల్సిన అవసరం ఎవరికీ లేదు కాబట్టి. ఆ సెంటర్ వాళ్ళు చలికాలంలో బెలూన్లు వదిలేముందు పేపర్లలో ప్రకటన ఇస్తారు, ఫలానా జిల్లాల్లో పరికరాలు పడొచ్చు, రంగు పారాచూట్లతో దిగుతాయి, ముట్టుకోకండి, మాకో పోలీసులకో చెప్పండి అని. ఆ బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకి పోతాయి, తెల్లారేటప్పుడు కింద మనకి చీకటిగా ఉన్నా అక్కడ ఎండ తగిలి మెరుస్తుంటాయి, చూసినవాడికి యూఎఫ్ఓ కాక ఇంకేం అనిపిస్తుంది చెప్పండి.

ఇదే సీన్ 1947లో అమెరికాలో న్యూ మెక్సికోలో జరిగింది. రోజ్‌వెల్ దగ్గర ఒక పశువుల రాంచ్‌లో రేకు కాగితాలు, సన్నటి చెక్క పుల్లలు, రబ్బరు ముక్కలు పడి ఉన్నాయి. జూలై 8న అక్కడి ఎయిర్ బేస్ వాళ్ళే ఫ్లయింగ్ సాసర్ దొరికిందని ప్రకటించారు, గంటలు తిరక్కుండానే పైవాళ్ళు అబ్బే మామూలు వాతావరణ బెలూన్ అన్నారు. అదీ నిజం కాదు. 1994లో ఎయిర్ ఫోర్స్ రిపోర్టు ఒప్పుకున్నది ఏంటంటే, అది ప్రాజెక్ట్ మోగుల్, సోవియట్ వాళ్ళు అణుబాంబు పేలిస్తే ఆ శబ్దాన్ని పై వాతావరణంలో పట్టుకోవడానికి వదిలిన బెలూన్ల గొలుసు. సోవియట్ మొదటి బాంబు పేలింది 1949 ఆగస్టులో, కాబట్టి 47లో అది ప్రాణం పోయినా చెప్పకూడని సీక్రెట్. సరే, అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ 47 ఏళ్ళ గ్యాప్‌లో రోజ్‌వెల్ ఒక తీర్థయాత్రా స్థలం అయిపోయింది, 94లో నిజం చెప్పినా వినేవాడు లేడు.

నేను రాత్రిళ్ళు నిద్ర మానుకుని ఈ టాపిక్ మీద పాడ్‌కాస్టులు వినే బ్యాచ్. అక్కడ రెండు పార్టీలు ఉంటాయి, ఏలియన్స్ వచ్చారు ప్రభుత్వం దాస్తోంది అనేది ఒకటి, యూఎఫ్ఓలన్నీ సీఐఏ సైఆప్ (జనం మనసుల్ని దారి మళ్ళించే ఆపరేషన్), వెనక సాతాను పూజలు చేసే గ్యాంగ్ ఉంది అనేది ఇంకోటి. రెండో పార్టీ వాళ్ళు తెలివైనవాళ్ళలా కనిపిస్తారు, కానీ ఇద్దరిదీ ఒకటే జబ్బు, అన్నీ తెలిసిన ఒక చెయ్యి ఎక్కడో ఉందని నమ్మడం. నేననేది ఏంటంటే, ఇంటెలిజెన్స్‌కీ క్షుద్రానికీ యూఎఫ్ఓలకీ లింకు నిజంగానే ఉంది, రికార్డుల్లోనే ఉంది, కానీ అది ప్లాన్ ప్రకారం నడిచే లింకు కాదు. వాళ్ళు నమ్మకాన్ని పుట్టించరు, జనం దగ్గర ఉన్నదాన్ని అద్దెకి తెచ్చుకుంటారు. ఆ తర్వాత ఖాళీ చేసి తాళాలు ఇచ్చే పద్ధతి మాత్రం లేదు.

అద్దె అంటే ఎలాగో చూడాలంటే ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ దగ్గరికి వెళ్ళాలి. ఈయన ముందు శాన్ ఫ్రాన్సిస్కోలో యాడ్స్ రాసుకునేవాడు (ఇది ముఖ్యం, మర్చిపోకండి), తర్వాత ఎయిర్ ఫోర్స్ ఆఫీసరు, సీఐఏ పని. 1950ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లో హుక్ అనే కమ్యూనిస్టు గెరిల్లాల్ని అణచడానికి పంపించారు. ఒకచోట ఒక గుట్ట మీద హుక్‌లు తిష్ట వేసి కదలట్లేదు. అక్కడి జనానికి అస్వాంగ్ అని రక్తం తాగే దెయ్యం మీద గట్టి నమ్మకం. లాన్స్‌డేల్ టీం ముందు ఊళ్ళో పుకారు వేసింది, ఆ గుట్ట మీద అస్వాంగ్ ఉంటోందని. పుకారు గుట్ట ఎక్కేదాకా ఆగారు. తర్వాత ఒక రాత్రి హుక్ పెట్రోలింగ్ పోతుంటే దారి పక్కన కాపు కాసి, వరసలో చివరివాణ్ణి చప్పుడు కాకుండా పట్టుకుని, మెడ మీద రెండు చిల్లులు పొడిచి, కాళ్ళు పైకి కట్టి రక్తమంతా కారిపోయేదాకా వేలాడదీసి, శవాన్ని తెచ్చి మళ్ళీ అదే దారిలో పడుకోబెట్టారు. తెల్లారేసరికి ఆ దళం గుట్ట ఖాళీ చేసింది. ఇది ఎవరో అల్లిన కథ కాదు, 1972లో తన జ్ఞాపకాల్లో ఆయనే, పెద్దగా సిగ్గు కూడా పడకుండా, చెప్పుకున్నాడు.

మన దగ్గర 90లలో ఇళ్ళ తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు తెలిసినవాళ్ళకి ఇది ఎంత తేలికో వెంటనే అర్థమవుతుంది. ఆ పుకారు ఎవరు మొదలుపెట్టారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు, జీతం తీసుకుని వేసినవాడు ఎవడూ లేడు, అయినా ఊళ్ళకి ఊళ్ళు బొగ్గుముక్కలు పట్టుకున్నాయి. దానికి ఒక ఆఫీసు, ఒక బడ్జెట్టు తోడైతే ఎలా ఉంటుందో అదే లాన్స్‌డేల్.

వియత్నాంలోనూ ఇదే లైను. దిక్కులేని చోట చచ్చి, అంత్యక్రియలు లేకుండా పోయినవాడి ఆత్మ తిరుగుతూనే ఉంటుందని అక్కడివాళ్ళ నమ్మకం, కాబట్టి అమెరికన్ సైఆప్ వాళ్ళు చావు సంగీతం, ఏడుపులు, నాన్నా ఇంటికి రమ్మని పిలిచే పిల్ల గొంతు అన్నీ కలిపి టేపు చేసి హెలికాప్టర్లకి స్పీకర్లు కట్టి రాత్రిళ్ళు అడవుల మీద వాయించారు. ఘోస్ట్ టేప్ నంబర్ 10 అంటారు దాన్ని. ఎంత పనిచేసిందో చెప్పడం కష్టం, చాలాసార్లు అవతలివాళ్ళు ఆ శబ్దం వచ్చే వైపుకే తుపాకులు పేల్చారు. ఇంకా చిత్రం, 1975లో చర్చ్ కమిటీ అని సెనేట్ విచారణ జరిగినప్పుడు ఒక సీఐఏ అధికారి చెప్పిన ప్రకారం, క్యూబాలో క్రీస్తు మళ్ళీ వస్తున్నాడని పుకారు పుట్టించి, ఆ రాత్రికి సముద్రంలో సబ్‌మెరైన్ నుంచి తారాజువ్వల్లాంటి గుండ్లు పేల్చి ఆకాశంలో వెలుగులు చూపించాలన్న ఐడియా కూడా లాన్స్‌డేల్ దగ్గర ఉండేదట. ఆయన మాత్రం నేనలా అనలేదన్నాడు. అన్నా అనకపోయినా, "ఆకాశంలో వెలుగు కనిపిస్తే జనం దేవుడి లెక్కలో వేసుకుంటారు" అనేది 60లలోనే ఆఫీసుల్లో టీ తాగుతూ మాట్లాడుకునే విషయం అయిపోయింది, నాకు కావాల్సింది అది.

జాతకాల సంగతి కూడా అంతే, రెండో ప్రపంచ యుద్ధంలో గోబెల్స్ మనుషులు కార్ల్ ఎర్నెస్ట్ క్రాఫ్ట్ అనే జ్యోతిష్కుడితో నోస్ట్రడామస్ పద్యాలకి జర్మనీ గెలుస్తుందని అర్థం చెప్పించారు, బ్రిటిష్ వాళ్ళు లూయీ డి వోల్ అనే ఇంకో జ్యోతిష్కుణ్ణి పెట్టుకుని హిట్లర్ పని అయిపోయిందని 1941లో అమెరికా అంతా తిప్పి చెప్పించారు. ఏదైనా జరగ్గానే బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ఎప్పుడో చెప్పారంటూ ఆయన జన్మలో రాయని పద్యాలు ఫార్వర్డ్ చేసే మన అంకుల్స్‌కి తెలీదు గానీ, ఆ పని ఒకప్పుడు యుద్ధ శాఖ ఉద్యోగం.

ఇప్పటిదాకా చెప్పింది బయట నుంచి వాడుకోవడం. లోపల మనుషులే నమ్మేవాళ్ళైతే? అక్కడ జాక్ పార్సన్స్ వస్తాడు. జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ పెట్టినవాళ్ళలో ఒకడు, రాకెట్ ఇంధనాల మీద అతని పని లేకుండా అమెరికా రాకెట్ చరిత్ర రాయలేం, చంద్రుడి అవతలి వైపున ఒక గుంటకి అతని పేరు కూడా పెట్టారు. అదే మనిషి కాలిఫోర్నియాలోని పసాడెనాలో, అలీస్టర్ క్రౌలీ అనే ఇంగ్లండు క్షుద్రగురువు శిష్యబృందం లాడ్జి (రహస్య సంఘం శాఖ) నడిపాడు. 1946లో బాబలన్ అనే దేవతని రప్పిస్తానని వారాల తరబడి పూజలు చేశాడు, పక్కన మంత్రాలకి రాతగాడుగా కూర్చున్నది ఎవరనుకుంటున్నారు, తర్వాత సైంటాలజీ అనే కొత్త మతం పెట్టిన ఎల్. రాన్ హబ్బర్డ్, అప్పటికి నేవీలోంచి వచ్చిన కథల రచయిత. ఆ వెంటనే ఇద్దరూ కలిసి బిజినెస్ అన్నారు, పార్సన్స్ డబ్బుతో హబ్బర్డ్ ఫ్లోరిడా వెళ్ళి పడవలు కొన్నాడు, పార్సన్స్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. పార్సన్స్ మీద ఎఫ్‌బీఐ ఫైలు తెరిచింది, సెక్యూరిటీ క్లియరెన్స్ పోయింది, 1952 జూన్ 17న ఇంట్లోని ల్యాబ్‌లో పేలుడు జరిగి 37 ఏళ్ళకే పోయాడు.

1969లో సైంటాలజీ వాళ్ళు ఏమని చెప్పారో తెలుసా, హబ్బర్డ్‌ని నేవీ ఇంటెలిజెన్సే అక్కడికి పంపించిందట, క్షుద్రపూజల ముఠాని చెదరగొట్టడానికి! ఆధారం ఏం చూపించలేదు. కానీ అందులో ఒక తెలివి ఉంది, పరువు పోయే గతాన్ని గూఢచారి కథగా మార్చేస్తే ఎవడూ చెక్ చేయలేడు, సీక్రెట్ కదా. క్రౌలీ కూడా అంతే, మొదటి యుద్ధంలో న్యూయార్క్‌లో కూర్చుని జర్మనీ అనుకూల పత్రికలో రాతలు రాశాడు, తర్వాత నేను లోలోపల బ్రిటన్ కోసమే చేశానన్నాడు. క్షుద్రగురువుకి స్పై వేషం, స్పైకి క్షుద్రగురువు వేషం, ఒకరికొకరు అచ్చంగా సరిపోతాయి. రెండు చోట్లా మెట్లుంటాయి, ఒక్కో మెట్టు ఎక్కితే కొంచెం కొంచెం చెప్తారు, పైమెట్టు మీద ఏముందో లోగుట్టు పెరుమాళ్ళకెరుక.

బాబలన్ పూజ 46లో, కెనెత్ ఆర్నాల్డ్ మౌంట్ రెయినియర్ దగ్గర తొలి ఫ్లయింగ్ సాసర్లు చూశానన్నది 47 జూన్లో, కాబట్టి పార్సన్సే వాటికి తలుపు తీశాడు అని ఒక థియరీ తిరుగుతుంటుంది. ఇది వింటే నాకు నవ్వొస్తుంది, ఆ రెండేళ్ళలో అమెరికాలో రాడార్లు, జెట్లు, మోగుల్ బెలూన్లు, అణుబాంబు భయం అన్నీ ఒకేసారి ఉన్నాయి, వాటన్నిటినీ వదిలేసి పసాడెనాలో వెలిగించిన అగరొత్తులా కారణం?

నిజంగా క్షుద్రం నుంచి సాసర్లకి దారి వెతకాలంటే అది మన పక్కనే ఉంది, చెన్నై అడయార్లో. హిమాలయాల్లో రహస్య గురువులున్నారని చెప్పే థియోసాఫికల్ సొసైటీ 1882లో తన ఆఫీసు అక్కడికి మార్చింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అదే అడయార్ బీచ్‌లో చూసి ఆ సొసైటీ పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ ఇతనే రాబోయే జగద్గురువు అన్నాడు, ఆ కథ మనవాళ్ళకి బాగానే తెలుసు, 1929లో కృష్ణమూర్తి తన కోసం వాళ్ళు పెట్టిన సంఘాన్నే రద్దు చేసి బయటికి నడిచాడు, ఆ ఒక్క పనికే నాకు ఆయనంటే గౌరవం. కానీ అదే లెడ్‌బీటర్, అనీబిసెంట్ బోధనల్లో సనత్కుమారుడు శుక్రగ్రహం నుంచి భూమికి దిగొచ్చాడని ఉంటుంది. మన పురాణాల సనత్కుమారుడే, అడ్రసు మార్చారంతే. 1930లలో కాలిఫోర్నియాలో రాయల్ ఆర్డర్ ఆఫ్ టిబెట్ అని పెట్టుకుని ఇలాంటి హిమాలయ గురువుల సరుకే చెప్పుకున్న జార్జ్ ఆడమ్స్కీ, 1952 నవంబర్ 20న ఎడారిలో శుక్రగ్రహం మనిషిని కలిశానన్నాడు. పొడుగు జుట్టు, ప్రశాంతమైన ముఖం, అణుబాంబులు ఆపమని హితబోధ. అడయార్ ఆచార్యులే, కొత్తగా వాహనం వచ్చింది అంతే తేడా. (2012, 13లో లడాఖ్‌లో మన ఆర్మీ నెలల తరబడి చైనా డ్రోన్లని లెక్కపెట్టినవి చివరికి శుక్రుడూ గురుడూ అని బెంగళూరు ఖగోళ శాస్త్రవేత్తలు తేల్చారు, శుక్రుడు ఎవర్నీ వదల్లేదు.)

ఇంకో ముచ్చట, థియోసాఫికల్ సొసైటీ పెట్టిన బ్లావట్‌స్కీ మీద విచారణకి లండన్‌లోని సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ తరఫున అడయార్ వచ్చిన హాడ్జ్‌సన్ 1885 రిపోర్టులో ఆమె మహిమలన్నీ బూటకం అని రాసి, మరి ఎందుకు చేస్తోంది అంటే రష్యా గూఢచారి అయ్యుండొచ్చు అన్నాడు. వందేళ్ళ తర్వాత ఆ రిపోర్టుని అదే సంస్థ పత్రికలో ఇంకో నిపుణుడు ఉతికి ఆరేశాడు, అది వేరే కథ. మహిమకి కారణం దొరక్కపోతే గూఢచారి అనేయడం, గూఢచారి దొరక్కపోతే మహిమ అనేయడం, ఈ అలవాటు సాసర్ల కంటే చాలా పాతది అని చెప్పడానికే ఎత్తాను.

ఇక సీఐఏ. 1952 జూలైలో వాషింగ్టన్ మీద రాడార్లలో చుక్కలు కనిపించి గోలైంది. 1953 జనవరిలో రాబర్ట్‌సన్ ప్యానెల్ అని కొందరు సైంటిస్టుల్ని కూర్చోబెట్టారు, కొద్దిరోజుల్లోనే తేల్చేశారు. వాళ్ళ భయం ఏలియన్స్ కాదు, ఫోన్లు. జనం సాసర్లు సాసర్లు అని కాల్స్ చేస్తే అసలు సోవియట్ దాడి వార్త ఇరుక్కుపోతుందని. అందుకే టీవీ, సినిమాల ద్వారా ఈ మోజు తగ్గించాలి, డిస్నీ లాంటి వాళ్ళని అడగొచ్చు, యూఎఫ్ఓ క్లబ్బుల మీద ఒక కన్నేసి ఉంచాలి అని సలహా ఇచ్చారు. అంటే మొదట్లో వాళ్ళు చల్లార్చాలనే చూశారు. తర్వాత యూ-2 అనే గూఢచారి విమానం 60 వేల అడుగుల పైన ఎగరడం మొదలయ్యాక మామూలు విమానాల పైలట్లకి ఎక్కడో పైన మెరిసేది కనిపించేది, అసలు సంగతి చెప్పలేరు కాబట్టి మంచు స్ఫటికాలు, ఉష్ణోగ్రత మార్పులు అని బొంకారు. 1997లో సీఐఏ చరిత్రకారుడు ఆ కాలపు రిపోర్టుల్లో సగానికి పైగా మా విమానాలే అని రాశాడు. ఆ లెక్కని చాలామంది పరిశోధకులు ఒప్పుకోరు, నేనూ పూర్తిగా నమ్మను, గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే సీఐఏ మాత్రం వదులుకుంటుందా.

చల్లార్చడం నుంచి ఎగదోయడానికి మారినచోటు న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ. పాల్ బెన్నెవిట్జ్ అని, తేమ కొలిచే పరికరాలు తయారు చేసే సొంత కంపెనీ ఉన్నాయన, చదువుకున్నోడు, ఇల్లు కిర్ట్‌లాండ్ ఎయిర్ బేస్ పక్కనే, అవతల మంజానో గుట్టల్లో అణ్వాయుధాల గోడౌన్లు. 1979 నుంచి ఆయన ఇంటిపైనుంచి బేస్ మీద తిరిగే వెలుగుల్ని ఫిల్మ్ తీశాడు, సొంతంగా యాంటెనాలు పెట్టి సిగ్నల్స్ పట్టాడు, ఇవి ఏలియన్స్ మాటలే అనుకుని మంచి పౌరుడిలా 1980లో బేస్‌కే వెళ్ళి చెప్పాడు. ఆయన పట్టుకున్నది వాళ్ళ రహస్య ప్రయోగాల సిగ్నల్స్ అయ్యుండొచ్చన్నది వాళ్ళ గాభరా. సార్ మీరు పొరపాటు పడ్డారు, అవి మావి, దయచేసి ఆపండి అని ఒక్క మాట చెప్తే పోయేది. చెప్పలేదు. అవును ఏలియన్సే అని ప్రోత్సహించారు. రిచర్డ్ డోటీ అని ఎయిర్ ఫోర్స్ విచారణ విభాగం మనిషి దీన్ని నడిపాడు, విలియం మూర్ అనే యూఎఫ్ఓ రచయితని కూడా లోపలికి లాగారు, నువ్వు బెన్నెవిట్జ్ సంగతులు మాకు చెప్పు, మేం అసలు ఏలియన్ రహస్యాలు నీకు చెప్తాం అని బేరం. దొంగ డాక్యుమెంట్లు వెళ్ళాయి, డల్సీ అనే ఊరి దగ్గర ఆర్చులెటా గుట్ట కింద ఏలియన్ల బేస్ ఉందనే నమ్మకాన్ని పెంచి పోషించారు. ఆయనకి నిద్ర పోయింది, తిండి పోయింది, ఇంట్లోకి ఏలియన్లు వచ్చి ఇంజెక్షన్లు ఇస్తున్నారనే స్థితికి వచ్చాడు, 1988లో ఇంటివాళ్ళు మానసిక ఆసుపత్రిలో చేర్చారు. 1989 జూలైలో లాస్ వేగస్‌లో యూఎఫ్ఓ సభలో మూర్ స్టేజీ ఎక్కి అవును నాకు తెలుసు, నేనూ ఇందులో ఉన్నాను అని చెప్తే హాలంతా కేకలు, ఏడుపులు.

ఆ ఒప్పుకోలు తర్వాతైనా డల్సీ కథ చావాలి కదా? చావలేదు. ఇప్పటికీ యూట్యూబ్‌లో డల్సీ బేస్ అని కొట్టండి, ఏడో అంతస్తులో ఏముందో కూడా చెప్తారు. ఎయిర్ ఫోర్స్ ఒక్క మనిషిని దారి తప్పించడానికి పెంచిన కథ, ఆ మనిషి 2003లో పోయాక కూడా, బతికే ఉంది. ఒక్క చెయ్యి అన్నీ నడుపుతోంది అనేవాళ్ళకి నా జవాబు ఇదే, మొదలుపెట్టిన చెయ్యికి ఆపే శక్తి లేదు.

ఇక్కడ మైకేల్ ఆక్వినో పేరు ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. నిజమే, ఆర్మీ సైఆప్ ఆఫీసరు, 1975లో టెంపుల్ ఆఫ్ సెట్ అనే సాతాను పంథా పెట్టాడు, 1980లో మైండ్‌వార్ అని ఒక పేపర్ రాసినవాళ్ళలో ఒకడు. ఇదిగో రుజువు అని ఎగురుతారు. కానీ ఆయన ఏదీ దాచలేదు, టీవీలకి కూడా వచ్చి మాట్లాడాడు. అంత పచ్చిగా కనిపించే మనిషిని పట్టుకుని రహస్యం దొరికిందనుకోవడం అమాయకత్వం. నన్నడిగితే ఆక్వినో కంటే హల్ పుటాఫ్ ఆసక్తికరం. 1972లో కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐలో సీఐఏ డబ్బుతో దూరదృష్టి ప్రయోగాలు మొదలుపెట్టింది ఆయనే, గదిలో కూర్చుని సోవియట్ స్థావరాల్ని మనసుతో చూడటం అన్నమాట, అప్పట్లో ఆయనా, ఆ ప్రయోగాల్లో కూర్చున్న ఇంగో స్వాన్ కూడా సైంటాలజీలో ఉన్నవాళ్ళు. ఆ ప్రోగ్రాం పేర్లు మార్చుకుంటూ స్టార్‌గేట్‌గా 1995 దాకా సాగింది, దాదాపు 2 కోట్ల డాలర్లు, చివర్లో బయటి సమీక్ష ఇది ఏ ఆపరేషన్‌కీ పనికి రాలేదంది. మళ్ళీ ఆయనే, 2008లో పెంటగాన్ 2.2 కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన యూఎఫ్ఓ ప్రోగ్రాంలో, అది యూటాలో దెయ్యాల రాంచ్‌ని కూడా పరిశోధించింది లెండి, సలహాదారుగా కనిపిస్తాడు. ఇది సాతాను కుట్ర కాదు, ఒకే చిన్న గుంపు, నమ్మకం ఉన్నవాళ్ళు, గ్రాంటు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్ళు. మోసం చేసేవాళ్ళ కంటే వీళ్ళే నాకు భయం, ఎందుకంటే వీళ్ళు అబద్ధం ఆడట్లేదు.

2023 జూలై 26న డేవిడ్ గ్రష్ అనే మాజీ ఎయిర్ ఫోర్స్ ఇంటెలిజెన్స్ అధికారి కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, కూలిన ఏలియన్ నౌకల్ని దాచి రివర్స్ ఇంజనీరింగ్ చేసే ప్రోగ్రాం ఉందని లోపలివాళ్ళు నాతో చెప్పారు అన్నాడు. తను చూడలేదు, చెప్పారు. 2024 మార్చిలో ఇలాంటి కేసులు చూసే పెంటగాన్ ఆఫీసు ఏఏఆర్ఓ అలాంటిదేం లేదని రిపోర్టిచ్చింది. దొంగనే దొంగతనం విచారించమన్నట్టు ఉందని జనం అంటే వాళ్ళని తప్పు పట్టలేం, బెన్నెవిట్జ్ తర్వాత ఏ మొహం పెట్టుకుని నమ్మమంటారు.

కానీ 2025 జూన్లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టినది చదివాక నాకు ఈ లోపలివాళ్ళు చెప్పారు అనేది వేరేగా వినిపిస్తోంది. 80లలో ఒక ఎయిర్ ఫోర్స్ కర్నల్ నెవాడాలోని ఏరియా 51 అనే రహస్య బేస్ దగ్గరి బార్‌కి వెళ్ళి ఓనర్‌కి దొంగ సాసర్ ఫోటోలు ఇచ్చొచ్చాడట, స్టెల్త్ విమానాల గుట్టు బయటపడకుండా. అది సరే, పాత ట్రిక్కే. అసలుది ఇంకోటి. రహస్య ప్రోగ్రాముల్లోకి కొత్తగా వచ్చే కమాండర్లకి దశాబ్దాల పాటు ఒక ర్యాగింగ్ జరిగిందట, సాసర్ లాంటి దాని ఫోటో చేతికిచ్చి, ఇది యాంటీ గ్రావిటీ వాహనం, ప్రోగ్రాం పేరు యాంకీ బ్లూ, నువ్వు దీని మీద పనిచేస్తావు, పెళ్ళానికి కూడా చెప్పకూడదు అని కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్ళు. జోక్ అని తర్వాత చెప్పేవాళ్ళు కాదు. బయటివాళ్ళని నమ్మించడానికి పుట్టిన కథని సొంత ఆఫీసర్లకే దీక్ష ఇచ్చినట్టు ఇచ్చారు, మెట్లూ రహస్యమూ ప్రమాణమూ అన్నీ లాడ్జి పద్ధతిలోనే. 2023లో ఇక ఆపండని మెమో వెళ్ళింది. అప్పటికే ఆ ఫోటో చూసి, సంతకం పెట్టి, నోరు మూసుకుని రిటైరైనవాళ్ళలో చాలామందికి అది ఉత్తదని ఎవరూ చెప్పలేదు. వాళ్ళలో ఎవరైనా రేపు ప్రమాణం చేసి, కూలిన నౌక ఫోటో నా కళ్ళతో చూశానని చెప్తే, లై డిటెక్టర్ పెట్టినా పాసవుతారు.